చల్లటి ఇంజన్

ముందు ఆ రంగు చూడ్డం మానెయ్, ఇమొజెన్.
దాన్ని నిన్న నేనే కడిగాను, సిగ్గేసి.
బానెట్ మీద అరచెయ్యి పెట్టు. చల్లగా ఉందా?
ఎవరి బండి చూడబోయినా
చెప్పిన టైముకి పావుగంట ముందే వెళ్లు.
అప్పటికే వెచ్చబడి ఉంటే
అమ్మేవాడు ఒక దగ్గును దాస్తున్నాడు.

ఇప్పుడు తాళం తిప్పు.
ఆ టకటక నాలుగు క్షణాలుంటుంది.
ఐదో క్షణం కూడా వినిపిస్తే చెప్పు, ధర తగ్గిస్తాను.

ఆపేసి, ఆయిల్ మూత విప్పి లోపల వేలు తిప్పు.
నల్లగా అంటితే భయం లేదు, పనిచేసే చేతికుండే మురికే అది.
పాలెక్కువైన టీ రంగులో జిగురు కనబడిందా,
మూత బిగించి, థాంక్స్ చెప్పి, వచ్చిన దారి పట్టు.
నీళ్లూ నూనే ఒకే గదిలో కాపురం పెట్టిన ఇల్లు
ఎన్నాళ్లో నిలవదు.

రేడియో పనిచేస్తుందా అని అడుగుతున్నావు.
పనిచెయ్యదు. ఇక్కడ కొండల మధ్య
పనిచేసినా వినబడేది వాన చప్పుడే.

టైర్లు చూడు. నాలుగూ. ఒకటి చూసి వదిలెయ్యకు.
నాలుగు చక్రాలూ లాగే బండికి
నాలుగూ ఒకే ఈడువి కావాలి.
ఒకటి కొత్తదై మూడు అరిగిపోతే
మధ్యలో ఉన్న గేర్లు రోజంతా
వాటి తగవు తీర్చి తీర్చి అలిసి చస్తాయి.
నేనొకసారి పిసినారితనానికి పోయి ఒక్క టైరే మార్చాను.
ఆ ఏడు క్రిస్మస్ డబ్బులన్నీ గేర్‌బాక్సు తినేసింది.

స్టీరింగ్ చివరికంటా తిప్పి
ఆ తారు మీద మెల్లగా ఒక చుట్టు తిరిగి రా.
కిటకిట అంటే ఇరుసు కీలు.
మొండి గాడిదలా బిగదీసుకుంటే ఇంకా ఖరీదైన జబ్బు.

పెడల్ రబ్బరు చూశావా, ఎలా నునుపు తేలిందో?
మీటరు మీద అంకె ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు,
పాదం కింద అరిగింది మళ్లీ మొలవదు.
ఈ డోరు కాస్త ఎత్తి వెయ్యాలి, జారిపోయింది.
జీహన్ నుంచి గ్రాన్‌విల్ హార్బర్ దాకా
పంతొమ్మిదేళ్లు ఉత్తరాలు పంచాను,
రోజుకి ఎనభైసార్లు తీశాను, ఎనభైసార్లు వేశాను.
ఏ డోరు మాత్రం నిలుస్తుంది?

నాలుగున్నర వేలన్నాను కదా. నాలుగు ఇవ్వు.

టైమింగ్ బెల్టు మార్చినట్టు కాగితం ఉంది, డాష్‌బోర్డు అరలో.
కాగితం లేకుండా నోటిమాటే ఉంటే
మార్చలేదనే లెక్క వేసుకో. ప్రమాణాలు చేసినా సరే.

తివాచీ లేపు. వెనక కూడా, స్పేర్ చక్రం గుంట దాకా.
తడి తగిలితే ఎక్కడిదో వెతుకు.
నాది వెనక తలుపు రబ్బరు. నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలిసింది.
గుమ్మం కింద రేకుని బొటనవేలితో నొక్కు,
కుమ్మరి దగ్గర కుండ కొట్టి చూసినట్టు వేలితో కొట్టు.
ఖంగుమంటే రేకు. మెత్తగా పలికితే తుప్పు మీద పుట్టీ.
ఇక్కడ సముద్రం ఊరికే ఉండదు, రోజూ కొంచెం కొంచెం కొరుకుతుంది.
అడుగున కొత్త నల్లరంగు నిగనిగలాడితే అనుమానించు.
పైన పటారం అంటారే, కొందరు దాన్ని కిందే పూస్తారు.

మూడువేల ఏడొందలు. నసక్కు, ఇక తగ్గను.

ఇంకొకటి. స్టీరింగ్ వదిలితే ఎడమకి లాగుతుంది.
అలైన్‌మెంట్ అంటాడు మెకానిక్. రెండుసార్లు సరిచేశాడు.
పోస్టు డబ్బాలన్నీ ఎడమవైపే ఉండేవి.
నేను దానికి చెప్పలేదు, నీకు చెప్తున్నా:
పదిహేడో మైలు దగ్గర కాస్త గట్టిగా పట్టుకో.

ఆస్పత్రి డ్యూటీ అయ్యాక రాత్రి రెండింటికి
ఆ ఘాట్ రోడ్డు మీద నువ్వూ ఇదే కదా ఉండేది.
అందుకే అంటున్నా, బట్టలు పాడైతే అయ్యాయి,
కిందకి దూరు. టార్చి తీసుకో.

బూట్లు మాత్రమే కనబడుతున్నాయి.
"ఏదో కారుతోంది, మిసెస్ ట్రెలోర్!"
ఏ రంగు? ఎర్రగా ఉందా, పచ్చగానా, నల్లగానా?
వేలికి రాసుకుని వాసన చూసి చెప్పు.

చాలాసేపు ఏమీ వినబడలేదు.

"వాన నీళ్లే అనుకుంటా."

అనుకోకు. మళ్లీ చూడు.